సముద్రం లోపల ఒక పూట: ఊపిరి లెక్క



ఈనాటి మన పాఠం సముద్రం గురించి. కానీ పాఠాన్ని రైల్వే ప్లాట్‌ఫారం మీద మొదలుపెడదాం. కారణం ఉంది. నేను పుట్టి పెరిగింది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ ఆ ఊరికి వచ్చి స్థిరపడ్డాయి. మాదీ అలాంటి కుటుంబమే. మా నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. కనుక నాకు పీడనం అనే మాట పుస్తకంలో కంటే ముందు ప్లాట్‌ఫారం మీదే పరిచయమైంది.

మీరు రైలు పెట్టెల మధ్యన వేలాడే రబ్బరు గొట్టాలను చూసే ఉంటారు. వాటిలో ఉండేది గాలి. మామూలు గాలి కాదు, కంప్రెసర్‌తో అదిమి నింపిన గాలి. బ్రేకు గొట్టంలో ప్రతి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం ఉంటుంది. ఇంజను విడదీసేటప్పుడు బుస్సుమని వినిపించే శబ్దం ఆ గాలిదే. వేల టన్నుల రైలును ఆపేది ఆ అదిమిన గాలే.

ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. దానికి 40 రెట్ల పీడనంతో గాలి నింపిన సిలిండరును వీపుకు కట్టుకుని ఒక మనిషి సముద్రంలోకి దిగుతున్నాడు. ఆ పనినే స్కూబా డైవింగ్ అంటాం. సిలిండరులో పీడనం సుమారు 200 బార్లు. ఒక బార్ అంటే ఉజ్జాయింపుగా ఒక వాతావరణ పీడనం అనుకోండి.

ఆ దిగే మనిషికి ఏ నియమాలు ఉన్నాయి? ఆ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయి? వాటిని పాటించకపోతే శరీరంలో ఏం జరుగుతుంది? ఈ మూడు ప్రశ్నలకు ఈ రోజు జవాబులు వెతుకుదాం.

ఖరగ్‌పూర్‌కు దగ్గరలో దీఘా సముద్రతీరం ఉంది. కానీ అక్కడ నీటి లోపల చూడటానికి ఏమీ కనిపించదు. హుగ్లీ నది తెచ్చే ఒండ్రుమట్టి వల్ల నీరు ఎప్పుడూ బురద రంగులోనే ఉంటుంది. లోతు కూడా చాలా తక్కువ. అందువల్ల మా ఊరివాళ్ళు సముద్రం లోపలి భాగం చూడాలంటే రాత్రి రైలెక్కి, సుమారు 760 కిలోమీటర్లు ప్రయాణించి, విశాఖపట్నంలో దిగాలి. విశాఖ దగ్గర తూర్పు కనుమలు సముద్రం ఒడ్డుదాకా వస్తాయి. డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు నేరుగా నీటిలోకి దిగుతున్నట్టే కనిపిస్తాయి. ఆ శిలలే నీటి అడుగున కూడా కొనసాగుతాయి. రాయి ఉన్నచోట నాచు పడుతుంది, నాచు ఉన్నచోటికి చేపలు చేరతాయి. రుషికొండ తీరం నుంచి పడవల్లో డైవర్లను తీసుకువెళ్ళే ఏర్పాట్లు ఉన్నది అందుకే.

ఈ ప్రయాణాలు రెండు రకాలు. మొదటిది కొత్తవారికి. శిక్షకుడు చేయి పట్టుకుని, కొద్ది లోతులో, కొన్ని నిమిషాలు చూపించి తీసుకువస్తాడు. రెండోది శిక్షణ పూర్తిచేసి, పరీక్ష నెగ్గి, సర్టిఫికెట్ పొందినవారికి. ప్రాథమిక సర్టిఫికెట్ ఉన్నవారు 18 మీటర్ల వరకు వెళ్ళవచ్చు. పై స్థాయి శిక్షణతో 30 మీటర్లు, ప్రత్యేక శిక్షణతో 40 మీటర్లు. వినోదం కోసం చేసే డైవింగ్‌కు అదే చివరి హద్దు. మన పాఠం ఈ రెండో రకం గురించి.

మీరు ఇక్కడ ఒక సందేహం అడగవచ్చు. సర్టిఫికెట్ ఉన్నవాడికి గైడు ఎందుకు?

దీనికి రైల్వేలోనే జవాబు ఉంది. ఎన్నో ఏళ్ళ అనుభవమున్న లోకో పైలట్‌నైనా కొత్త సెక్షన్‌లోకి నేరుగా బండి ఇచ్చి పంపరు. ముందు ఆ దారిలో తిరిగి, ఎక్కడ సిగ్నల్ ఉంది, ఎక్కడ మలుపు ఉంది, ఎక్కడ ఎత్తు ఉంది అని నేర్చుకోవాలి. దాన్ని రోడ్ లెర్నింగ్ అంటారు. బండి నడపడం వచ్చు, దారి తెలియదు. డైవింగ్ గైడు ఆ దారి తెలిసిన మనిషి. ప్రవాహం ఏ వైపు ఉంది, ఏ రాయికి తెగిన వల చిక్కుకుని ఉంది, ఎక్కడి నుంచి వెనక్కి తిరగాలి అన్నది అతనికి తెలుసు. కానీ మీ ఊపిరి అతను పీల్చడు. మీ మీటరు మీరే చూసుకోవాలి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి.

నేను నలభై ఏడో ఏట ఈ శిక్షణ పొందాను. ఆ తరువాత రెండేళ్ళు నీటిలోకి దిగలేదు. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు కూడా సర్టిఫికెట్ ఉన్నవాడే. ఒక శీతాకాలంలో ఇద్దరం కలిసి వెళ్ళాం. తెల్లవారుజామున తీరం చేరగానే గైడు మా లాగ్ పుస్తకాలు అడిగాడు. ప్రతి డైవ్‌కూ తేదీ, లోతు, సమయం రాసుకునే పుస్తకం అది. "చివరిసారి ఎప్పుడు దిగారు సార్?" అని అడిగాడు. ఉన్న నిజం చెప్పనా, పోయిన ఏడాదే అని చెప్పనా అని నా మనసు ఒక్క క్షణం ఊగింది. మేనల్లుడి ముందు చిన్నబుచ్చుకోవాల్సి వస్తుందని సంకోచం. చివరకు నిజమే చెప్పాను. గైడు ఏమీ అనలేదు. మొదట నన్ను నాలుగు మీటర్ల నీటిలోకి తీసుకువెళ్ళి, మాస్క్‌లో నీరు నింపి ఖాళీ చేయడం, నోటి నుంచి రెగ్యులేటర్ తీసి మళ్ళీ పెట్టుకోవడం నాతో చేయించాడు. పదిహేను నిమిషాల పని. దాని విలువ నాకు ఆ తరువాతి గంటలో తెలిసింది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు పరికరాల సంగతి చూద్దాం. స్కూబా పరికరానికి నేటి రూపం 1943లో వచ్చింది. ఫ్రాన్స్ నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి దాన్ని తయారుచేశారు. ఇందులో గొప్పతనం సిలిండరుది కాదు, రెగ్యులేటర్‌ది. 200 బార్ల గాలిని నేరుగా పీల్చలేం. అలాగని ఒడ్డున ఉన్నంత పీడనంతో ఇస్తే నీటి అడుగున పీల్చలేం, ఎందుకంటే ఛాతీ మీద నీరు అదుముతూ ఉంటుంది. మన చుట్టూ నీటి పీడనం ఎంత ఉంటే సరిగ్గా అంత పీడనంతో, మనం పీల్చినప్పుడు మాత్రమే గాలిని అందించడం రెగ్యులేటర్ పని.

విశాఖ బీచ్‌లో 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామిని మీలో కొందరు చూసే ఉంటారు. జలాంతర్గామికీ డైవర్‌కూ తేడా ఇక్కడే ఉంది. జలాంతర్గామి ఉక్కు గోడలు నీటి పీడనాన్ని బయటే ఆపుతాయి. లోపలి మనుషులు దాదాపు మామూలు గాలి పీడనంలోనే ఉంటారు. డైవర్‌కు ఉక్కు గోడ లేదు. నీటి పీడనం అంతా అతని శరీరం మీద, అతను పీల్చే గాలి మీద కూడా పనిచేస్తుంది. మన పాఠం మొత్తానికి కీలకం ఈ వాక్యమే.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు పీడనం ఒక వాతావరణం పెరుగుతుంది. పైన గాలి పీడనం ఎలాగూ 1 ఉంది. కాబట్టి 10 మీటర్ల దగ్గర 2, 20 మీటర్ల దగ్గర 3, 30 మీటర్ల దగ్గర 4. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపొందిన ప్లాట్‌ఫారం ఉంది. దాని పొడవు 1,072.5 మీటర్లు. దాన్ని సముద్రంలో నిట్టనిలువుగా దించితే అడుగు చివర పీడనం సుమారు 108 వాతావరణాలు అవుతుంది. మన సిలిండరులోని గాలి దానికి దాదాపు రెట్టింపు పీడనంలో ఉందన్నమాట. సిలిండరును ఎంత జాగ్రత్తగా దించాలో దీన్నిబట్టి ఆలోచించండి.

ఇప్పుడు గాలి లెక్క చేద్దాం. 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల గాలి ఉంటే ఒడ్డున అది 12 × 200, అంటే 2,400 లీటర్ల గాలికి సమానం. ఇందులో 50 బార్లు, అంటే 600 లీటర్లు, అత్యవసరం కోసం దాచి ఉంచాలి. మిగిలింది 1,800 లీటర్లు. ప్రశాంతంగా ఈదే మనిషి నిమిషానికి సుమారు 20 లీటర్లు పీలుస్తాడు. ఒడ్డున అయితే 90 నిమిషాలు వస్తుంది. 14 మీటర్ల లోతులో పీడనం 2.4. అక్కడ ప్రతి ఊపిరిలోనూ 2.4 రెట్ల గాలి ఖర్చవుతుంది, అంటే నిమిషానికి 48 లీటర్లు. 1,800ను 48తో భాగించండి. 37 నిమిషాలు. అదే మనిషి కంగారుపడి నిమిషానికి 30 లీటర్ల చొప్పున పీలిస్తే? 25 నిమిషాలే. భయానికి కూడా ఒక అంకె ఉందని నేను మా విద్యార్థులకు చెబుతుంటాను. అది 12 నిమిషాలు.

బరువుల లెక్క కూడా ఇలాంటిదే. నేను ఈత కొలనులో శిక్షణ పొందాను. సముద్రపు నీటి సాంద్రత మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం ఎక్కువ. పరికరాలతో సహా నేను 100 లీటర్ల నీటిని తొలగిస్తాననుకోండి. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం సముద్రంలో నన్ను పైకి తోసే బలం కొలనులో కంటే రెండున్నర కిలోలు ఎక్కువ. ఆ మేరకు నడుము బెల్టులో సీసం కలపాలి. కలపకపోతే మునగలేను. ఎక్కువ కలిపితే అడుగుకు జారిపోతాను. "కొలనులో సరిపోయింది కదా" అంటే సముద్రం ఒప్పుకోదు.

నీటిలోకి దిగే ముందు జోడీ ఒకరి పరికరాలను ఒకరు తనిఖీ చేయాలి. సిలిండర్ వాల్వ్ తెరిచి ఉందా, గాలి రుచి మామూలుగా ఉందా, బెల్టు విప్పే కొక్కెం చేతికి అందుతోందా. బండి బయలుదేరే ముందు పెట్టెలను పరిశీలించి బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఇస్తారు, అది లేకుండా బండి కదలదు. ఇది కూడా అంతే. సంకేతాలు కూడా నేర్చుకోవాలి. బొటనవేలు పైకి చూపిస్తే ఒడ్డున "బాగుంది" అని అర్థం. నీటిలో "పైకి పోదాం" అని అర్థం. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చుట్టాలి. ఇవి కలగాపులగం అయితే పక్కవాడు పైకి వెళ్ళిపోతాడు!

ఇక దిగుదాం. నీటి లోపల ప్రపంచం వేరు. మాస్క్ అద్దం దగ్గర కాంతి వక్రీభవనం చెందడం వల్ల చేప అసలు పరిమాణం కంటే మూడో వంతు పెద్దదిగా, దూరంలో నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. అందుకే డైవర్లు చెప్పే చేపల కొలతలను కొంచెం తగ్గించి వినాలి. ఎరుపు రంగును నీరు త్వరగా పీల్చుకుంటుంది. కొద్ది మీటర్లు దిగేసరికి ఎర్రటి వస్తువు నల్లగా, మట్టిరంగుగా మారిపోతుంది. ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో పోతుంది. రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరుతుంది కాబట్టి పడవ ఇంజను ఏ వైపు ఉందో చెవి చెప్పలేదు. అందుకే పైకి వచ్చేటప్పుడు తలెత్తి చూస్తూ, చేయి పైకెత్తి రావాలి.

మేము 14 మీటర్ల దగ్గర రాళ్ళ పక్కన ఈదుతున్నాం. ఒక రాతి నెర్రెలో ఏదో చేప కదిలింది. మేనల్లుడు చటుక్కున తిరిగాడు. అతని కాలి ఫిన్ నా ముఖానికి తగిలి మాస్క్ జరిగింది. ఒక్కసారిగా ఉప్పునీరు కళ్ళలోకి, ముక్కులోకి. ఏమీ కనిపించడం లేదు. ఆ క్షణంలో శరీరం ఒకే ఒక్క మాట చెప్పింది: ఊపిరి బిగబట్టి పైకి పో.

ఆ మాట విని ఉంటే ఏమయ్యేదో లెక్క వేద్దాం. 14 మీటర్ల దగ్గర నా ఊపిరితిత్తుల్లో 5 లీటర్ల గాలి ఉందనుకోండి. పీడనం 2.4. పైకి వచ్చేసరికి పీడనం 1. బాయిల్ నియమం ప్రకారం పీడనం, ఘనపరిమాణాల లబ్ధం మారదు. 5 × 2.4 = 12. అంటే 5 లీటర్ల గాలి 12 లీటర్లు అవుతుంది. ఛాతీలో అంత చోటు లేదు. ఊపిరితిత్తుల పొరలు చిరిగి, గాలి బుడగలు రక్తంలోకి ప్రవేశించి మెదడుకు చేరవచ్చు. మనిషి ప్రాణం పోవడానికి అది చాలు. "నీటిలో ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదు" అన్నది డైవింగ్‌లో మొట్టమొదటి నియమం. తొమ్మిదో తరగతి లెక్కే దానికి పునాది.

ఇంకొక విషయం గమనించండి. 30 మీటర్ల నుంచి 20 మీటర్లకు వస్తే పీడనం 4 నుంచి 3కు తగ్గుతుంది. గాలి మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. 10 మీటర్ల నుంచి ఒడ్డుకు వస్తే 2 నుంచి 1. గాలి రెట్టింపు అవుతుంది. కనుక చివరి పది మీటర్లే అతి ప్రమాదకరం. వెలుతురు కనిపిస్తుంది, పడవ కనిపిస్తుంది, ఇక చేరిపోయాం అనిపిస్తుంది. తొందరపడేది కూడా అక్కడే.

నేను పైకి పోలేదు. ధైర్యం వల్ల కాదు. ఒక గంట ముందు నాలుగు మీటర్ల నీటిలో అదే పని చేసి ఉండటం వల్ల. నోటితో ఊపిరి తీస్తూనే ఉన్నాను. మాస్క్ సరిచేసుకుని, పై అంచు నుదుటికి నొక్కి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో గాలి వదిలాను. నీరు కింది అంచు నుంచి బయటికి పోయింది. కళ్ళు తెరిస్తే గైడు నా భుజం పట్టుకుని ఎదురుగా ఉన్నాడు. సున్నా చుట్టి చూపించాను. ఉదయం లాగ్ పుస్తకం దగ్గర అబద్ధం చెప్పి ఉంటే ఆ అభ్యాసం జరిగేది కాదు. ఈ మాట నేను మీకు నీతి కోసం చెప్పడం లేదు, జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఇక మన మూడో ప్రశ్నలో రెండో భాగానికి వద్దాం. ఊపిరి వదులుతూ వచ్చినా సరే, వేగంగా రాకూడదు అంటారు. నిమిషానికి 9 మీటర్లకు మించకూడదు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఎందుకు?

గోలీసోడా చూశారా? మూత మూసి ఉన్నప్పుడు నీటిలో ఒక్క బుడగ కూడా కనిపించదు. గోలీ లోపలికి నొక్కగానే పీడనం తగ్గి, బుడగలు పొంగుతాయి. పీడనం ఎక్కువైతే ద్రవంలో ఎక్కువ వాయువు కరుగుతుంది, తగ్గితే బయటికి వస్తుంది. దీన్ని హెన్రీ నియమం అంటాం. మనం పీల్చే గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నైట్రోజనే. ఆక్సిజన్‌ను శరీరం వాడుకుంటుంది. నైట్రోజన్‌ను వాడుకోదు. లోతులో అది రక్తంలో, కొవ్వులో, కీళ్ళలో కరుగుతూ పోతుంది. నెమ్మదిగా పైకి వస్తే ఊపిరి ద్వారా కొద్దికొద్దిగా బయటికి పోతుంది. వేగంగా వస్తే శరీరమే గోలీసోడా అవుతుంది. కీళ్ళలో బుడగలు ఏర్పడితే భరించలేని నొప్పి. వెన్నుపాములో ఏర్పడితే పక్షవాతం.

ఈ జబ్బును లోకం మొదట గుర్తించింది సముద్రంలో కాదు, వంతెనల కింద. నది అడుగున పునాది వేయడానికి పెద్ద పెట్టెను దించి, నీరు రాకుండా లోపల అదిమిన గాలి నింపుతారు. దాన్ని కెయిసన్ అంటారు. కూలీలు అందులో మట్టి తవ్వుతారు. అమెరికాలో 1874లో ప్రారంభమైన సెయింట్ లూయిస్ వంతెన నిర్మాణంలో పదిమందికి పైగా కూలీలు ఈ జబ్బుతో చనిపోయారు. న్యూయార్క్‌లో 1883లో ప్రారంభమైన బ్రూక్లిన్ వంతెన చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ దీనివల్లే మంచాన పడ్డారు. ఆయన భార్య ఎమిలీ ఆయన సూచనలను వంతెన దగ్గరికి చేరవేస్తూ ఆ పని పూర్తి కావడానికి తోడ్పడ్డారు. నొప్పితో ఒళ్ళు వంగిపోయేది కనుక కూలీలు దీనికి బెండ్స్ అని పేరు పెట్టారు.

ఫ్రాన్స్‌లో పాల్ బేర్ అనే శాస్త్రవేత్త 1878లో దీనికి కారణం నైట్రోజన్ బుడగలేనని వివరించారు. బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతు నుంచి ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతూ పైకి రావాలో 1908లో పట్టికలు ప్రచురించారు. నేడు డైవర్ల చేతికి ఉండే చిన్న కంప్యూటర్ చేసే లెక్కకు మూలం ఆ పట్టికలే.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. ఖరగ్‌పూర్ నుంచి లోకల్ రైల్లో హౌరా చేరగానే కనిపించే హౌరా వంతెన. 1943లో, అంటే కూస్తో పరికరం వచ్చిన సంవత్సరమే, అది ప్రారంభమైంది. హౌరా వైపు పునాది తవ్వేటప్పుడు ఇసుక జారిపోకుండా అదిమిన గాలి వాడారు. దాని పీడనం సుమారు 2.8 బార్లు. మన లెక్క ప్రకారం సముద్రంలో 28 మీటర్ల లోతుకు సమానం. ఆ కూలీలు సముద్రం చూడకపోయినా డైవర్లంతటి పీడనంలో పనిచేశారు. ఈసారి ఆ వంతెన మీద నడిచేటప్పుడు వాళ్ళను ఒకసారి తలచుకోండి.

మేము ఆ రోజు రెండు డైవ్‌లు చేసి, ఉదయం పదకొండున్నరకు నీటి నుంచి బయటపడ్డాం. కథ అక్కడితో అయిపోలేదు. మా అక్క ఆ మధ్యాహ్నమే కారులో అందరం అరకు వెళ్ళాలని ఏర్పాటు చేసింది. బావగారు గదులకు అడ్వాన్సు కూడా కట్టేశారు. ఇల్లు చేరగానే నేను, "అక్కా, ఈ రోజు మేము కొండ ఎక్కకూడదు" అన్నాను.

"సముద్రంలో మునిగి లేచారు, స్నానం చేశారు. ఇంకేమిట్రా?" అంది అక్క.

నీటి నుంచి బయటికి వచ్చినంత మాత్రాన నైట్రోజన్ అంతా పోదు. గంటల తరబడి నెమ్మదిగా పోతూ ఉంటుంది. ఆలోపు ఎత్తయిన చోటికి వెళితే గాలి పీడనం ఇంకా తగ్గుతుంది. ఒడ్డున సురక్షితంగా ఉన్నవాడికి కొండ మీద బుడగలు ఏర్పడవచ్చు. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కవద్దంటారు. ఎత్తయిన కొండలకూ ఇదే వర్తిస్తుంది. అరకు దారిలో శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు దేశంలో అతి ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా పేరుపొందింది. అక్కడ గాలి పీడనం తీరంలో కంటే పదో వంతుకు పైగా తక్కువ.

పదకొండున్నరకు 18 గంటలు కలిపితే మరునాడు ఉదయం ఐదున్నర. అక్కకు ఆ లెక్క కాగితం మీద వేసి చూపించాను. అడ్వాన్సు పోయింది. బావగారు ఆ సాయంత్రం నాతో సరిగా మాట్లాడలేదు. మరునాడు తెల్లవారాక కిరండూల్ వెళ్ళే రైలెక్కి అందరం అరకు వెళ్ళాం. సొరంగాలు చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నియమాల ఫలితం. అందుకే వాటి విలువ మనకు సులభంగా కనిపించదు.

ఒకవేళ డైవ్ తరువాత కీళ్ళ నొప్పి, తిమ్మిరి, తల తిరగడం, నడక తడబడటం, మితిమీరిన అలసట వంటివి కలిగితే "బరువులు మోశాను, కండరాల నొప్పి" అని సరిపెట్టుకోకూడదు. మనిషిని పడుకోబెట్టి, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తూ, 108కు ఫోన్ చేసి, డైవింగ్ చేసిన సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి. మళ్ళీ నీటిలోకి దించరాదు. పీడన గదిలో ఉంచి, పీడనాన్ని క్రమంగా తగ్గించడమే దీనికి సరైన చికిత్స. అలాంటి గది దగ్గరలో ఎక్కడ ఉందో బయలుదేరే ముందే గైడును అడగండి. అడిగితే తప్పుగా అనుకునే గైడుతో వెళ్ళకండి.

బయలుదేరాలా వద్దా అన్నది కూడా విజ్ఞానశాస్త్రమే చెబుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, ప్రవాహాల ముందస్తు సమాచారం ఇస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపేసిందో మీ పెద్దలను అడగండి. పడవ నడిపేవారు "ఈ రోజు వద్దు బాబూ" అంటే వాదించకండి.

ఈ రంగంలో చదువుకోవాలనుకునేవారికి దారులు ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీలో సముద్ర ఇంజనీరింగ్, నౌకా నిర్మాణ విభాగం ఉంది. చెన్నైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. సముద్రాన్ని చదివేవారికి మన దేశంలో పని తక్కువేమీ లేదు.

ఇప్పుడు మీకు ఇంటి పని. సూది లేని సిరంజిలో గాలి నింపి, మూతిని వేలితో మూసి, పిడిని సగం వరకు నొక్కండి. వదిలేయండి. బాయిల్ నియమం మీ వేలికి తెలుస్తుంది. తరువాత ఒక సోడా సీసా మూతను చటుక్కున తీయండి, ఇంకొకదాన్ని చాలా నెమ్మదిగా, మధ్యలో ఆగుతూ తీయండి. తేడా రాసుకోండి. మూడోది లెక్క. 12 లీటర్ల సిలిండరు, 200 బార్లు, 50 బార్లు దాచి ఉంచాలి, నిమిషానికి 20 లీటర్ల ఊపిరి, 20 మీటర్ల లోతు. ఎన్ని నిమిషాలు? 30 అని వస్తే మీ లెక్క సరైనదే.

పిల్లలూ, సర్టిఫికెట్ అంటే మనకు ఎవరో ఇచ్చిన అనుమతి కాదు. నియమం వెనుక ఉన్న లెక్క మనకు అర్థమైందని చెప్పే కాగితం. లెక్క అర్థమైనవాడికి కళ్ళలో ఉప్పునీరు పడిన క్షణంలో కూడా నియమం గుర్తుంటుంది. కంఠస్థం చేసినవాడికి ఒడ్డున మాత్రమే గుర్తుంటుంది. మీ చదువు ఏదైనా సరే, ఈ తేడాను మరచిపోకండి.